రాక్షసబల్లులూ గుహమానవులూ: పాత సినిమాలు, పాతబడని పొరపాట్లు

కిందటి సంవత్సరం రాయ్‌పూర్‌లో ఒక పాఠశాలవారు తమ సైన్సు ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. బల్లల మీద వరసగా అగ్నిపర్వతాలు, గాలిమరలు, వాననీటి తొట్లు. ఒక మూల ‘ఆదిమానవుని జీవితం’ అనే నమూనా ఉంది. బంకమట్టితో గుహ, గుహ ముందు ఎర్రకాగితపు మంట, వెనక కొండమీంచి తొంగిచూస్తున్న ప్లాస్టిక్ డైనోసార్. మంటచుట్టూ నిలబెట్టిన మట్టిబొమ్మల మెడలో పూసలదండలు, చేతిలో విల్లంబులు ఉన్నాయి.

“డైనోసార్ల కాలంలో మనుషులెక్కడున్నారమ్మా?” అన్నారు పక్కనే ఉన్న సైన్సు ఉపాధ్యాయులు నవ్వుతూ. ఎనిమిదో తరగతి అమ్మాయి నాలుక కరుచుకుంది. “మరి ఈ మనుషుల బొమ్మలు ఎవరిని చూసి చేశావు?” అని నేనడిగాను. “ఆదిమానవులు బస్తర్ అడవుల్లో ఇప్పటికీ ఉన్నారు కదా సార్!” అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఆ నమూనా ఆ పిల్ల సొంత ఊహ కాదు. వందేళ్ళుగా సినిమా మనకు చూపిస్తున్న దృశ్యమే అది. అందులోని రెండు తప్పులూ సినిమావే. కాని ఆ రెండూ ఒకే తూకం తూగేవి కావని ఈ వ్యాసంలో మీకు చెప్పదలిచాను.

బొమ్మకు ప్రాణం

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. నాకు ఆ సినిమాలంటే ప్రాణం. మా నాన్నగారి ఉద్యోగం వల్ల నా బాల్యమంతా రాయ్‌పూర్ రైల్వే కాలనీలో గడిచింది. 1980ల చివర్లో కాలనీవాళ్ళందరూ చందాలు వేసుకుని వి.సి.ఆర్. అద్దెకు తెచ్చి, రాత్రంతా మూడు నాలుగు సినిమాలు చూసేవారు. అలా ఒక తెల్లవారుజామున చూశాను, ‘వన్ మిలియన్ ఇయర్స్ బి.సి.’ అనే చిత్రాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సినిమాలో ఇంగ్లీషు అయితే నా గతి ఏమయ్యేదో! అదృష్టవశాత్తూ అందులో భాషే లేదు. పాత్రలన్నీ కల్పించిన ఏవో నాలుగు మాటలతో, అరుపులతో, సైగలతో కథ నడిపేస్తాయి. ఇప్పుడు అనువాదాలు చేసి బతుకుతున్న నాకు, అనువాదం అవసరంలేని మొదటి సినిమా అదే.

1966లో బ్రిటన్‌కు చెందిన హామర్ సంస్థ తీసిన ఈ చిత్రానికి దర్శకుడు డాన్ చాఫీ. పోస్టర్ల మీద నాయిక రాకెల్ వెల్చ్ బొమ్మ ఉన్నా, చిత్రానికి అసలు ప్రాణం రే హారీహౌసెన్ అనే శిల్పి, మాయావి. లోహపు కీళ్ళ అస్థిపంజరానికి రబ్బరు తొడుగు వేసి చిన్నబొమ్మ చేస్తారు. దాన్ని ఆవగింజంత కదిపి ఒక ఫోటో, మళ్ళీ కదిపి ఇంకో ఫోటో. తెరమీద ఒక్క సెకను గడవాలంటే ఇలాంటివి 24 కావాలి. ఆ చిత్రంలో పడుచు ఆలోసారస్ ఒకటి సముద్రపుటొడ్డున పల్లెమీద పడుతుంది. కథానాయకుడు దాన్ని వాసంతో పొడిచి చంపుతాడు. పడిపోయాక కూడా దాని డొక్కలు ఎగసిపడుతుంటాయి, తోక కొట్టుకుంటుంది. ఆ చివరి ఊపిరి కోసం ఒక మనిషి గదిలో ఒంటరిగా కూచుని, రోజుల తరబడి రబ్బరుబొమ్మ డొక్కను అటూఇటూ నొక్కాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిశాక ఇష్టం ఇంకా పెరిగింది.

ఈ విద్యలో హారీహౌసెన్‌కు గురువు విల్లిస్ ఓబ్రయన్. 1925లో ‘ది లాస్ట్ వరల్డ్’, 1933లో ‘కింగ్ కాంగ్’ ఆయన చేతిపనులే. మొదటిదానికి మూలం ఆర్థర్ కోనన్ డాయల్ 1912లో రాసిన నవల. సినిమా విడుదలకు మూడేళ్ళు ముందే, 1922లో, కోనన్ డాయల్ న్యూయార్క్‌లో ఇంద్రజాలికుల విందులో ఒక చిన్న రీలు వేసి చూపించాడు. అదేమిటో మాత్రం చెప్పలేదు. మాయలు చేసి బతికేవాళ్ళే నోళ్ళు తెరిచారు. మర్నాడు పత్రికలు కూడా అవి నిజమా, నకిలీయా అని తేల్చుకోలేక తికమకపడ్డాయి.

మనకు ఇలాంటి ఆనందం కొత్త కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే, అది మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయ అని తెలిసీ కేరింతలు కొడతాం. మోసపోయామన్న బాధ ఉండదు, మనిషి పనితనం మీద ముచ్చట ఉంటుంది. 1994లో హిందీ మాటలతో ‘జురాసిక్ పార్క్’ మన దేశంలో విరగబడి ఆడినప్పుడు, ఆ కంప్యూటర్ డైనోసార్ల ముందు పాత రబ్బరుబొమ్మల పని అయిపోయిందనుకున్నాం. అయిపోలేదు. ఆ బొమ్మల మీద మనిషి వేలిగుర్తులున్నాయి. వాటి ఆకర్షణ అక్కడుంది.

అయితే ఒక తేడా ఉంది. ‘మాయాబజార్’ చూసి ఎవరూ లడ్డూలు ఎగురుతాయని పాఠం నేర్చుకోరు. అది పురాణగాథ అని ముందే తెలుసు. డైనోసార్ల సినిమా అలా కాదు. పేరులోనే తేదీ వేసుకుని, సైన్సు చొక్కా తొడుక్కుని వస్తుంది. అందుకే దాన్ని విచారించక తప్పదు.

సంవత్సరానికి ఒక మిల్లీమీటరు

మొదటి తప్పు కాలానిది. దీన్ని కొలవడానికి మీకో చిన్న ఉపాయం చెబుతాను. గడిచిన ఒక్కొక్క సంవత్సరాన్ని ఒక మిల్లీమీటరు అనుకోండి. రాయ్‌పూర్ స్టేషన్‌లో నిలబడి పడమటివైపు నడవండి. మీ పుట్టుక నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం జానెడు దాటదు. మన హోమో సేపియన్స్ జాతి ఎముకల్లో ఇంతవరకు తెలిసిన అతి ప్రాచీనమైనవి సుమారు 3 లక్షల ఏళ్ళనాటివి. అంటే 300 మీటర్లు, ప్లాట్‌ఫారం దాటనక్కర్లేదు. సినిమా పేరులోని పది లక్షల ఏళ్ళు ఒక కిలోమీటరు. అక్కడ రాకెల్ వెల్చ్ వంటి మనిషి కనిపించదు. కనుబొమల ఎముక ముందుకు పొడుచుకొచ్చిన హోమో ఎరెక్టస్ కనిపిస్తాడు.

మరి డైనోసార్లో? పక్షులుగా మారిన శాఖను మినహాయిస్తే, చివరివి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట అంతరించాయి. అంటే 66 కిలోమీటర్లు. దుర్గ్ దాటి ఇంచుమించు రాజ్‌నాంద్‌గావ్ చేరాలి! ఆ కిలోమీటరు రాయి దగ్గరున్న మనిషికీ, రాజ్‌నాంద్‌గావ్‌లో ఉన్న ఆలోసారస్‌కూ పోరాటం పెట్టింది సినిమా. నిజానికి ఆలోసారస్ ఇంకా దూరం. అది జురాసిక్ యుగపు జంతువు. 150 కిలోమీటర్లు వెళ్ళాలి.

ఇంకో చిత్రం చూడండి. రాయ్‌పూర్ చుట్టుపక్కల సిమెంటు కోసం తవ్వే సున్నపురాయి వంద కోట్ల ఏళ్ళకు అటూఇటూ వయసున్నది. మన కొలతలో వెయ్యి కిలోమీటర్లు, దాదాపు ముంబయి దాకా ప్రయాణం. అందులో డైనోసార్ ఎముక దొరకదు. కారణం అది మరీ పాతది కావడమే! అందులో ఉండేవి సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్ గుట్టలు.

బల్లి కాని బల్లి

రెండో మాట నా మీద నేనే చెప్పుకోవాలి. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలతో ‘డైనోసార్’ అనే పేరు కట్టాడు. భయంకరమైన బల్లి అని అర్థం. మనం ‘రాక్షసబల్లి’ అన్నాం. అచ్చమైన మాటకు మాట అనువాదం. ఎన్ని వ్యాసాల్లో ఆ మాట నేనే రాశానో లెక్కలేదు. కాని డైనోసార్లు బల్లులు కావు. బల్లి కాళ్ళు పక్కలకు చాచి పాకుతుంది. డైనోసార్ కాళ్ళు స్తంభాల్లా ఒంటి కింద నిటారుగా ఉంటాయి. ఇప్పుడు బతికున్నవాటిలో వాటికి దగ్గర చుట్టాలు పక్షులు, ఆ తర్వాత మొసళ్ళు.

1966 చిత్రానికి మాతృక 1940లో వచ్చింది. దాని నిర్మాత హాల్ రోచ్ ఈ అనువాదాన్ని అక్షరాలా అమలుచేశాడు. బతికున్న బల్లులనూ, మొసలిజాతి పిల్లనూ తెచ్చి, వీపుమీద రెక్కలు అంటించి, దగ్గరగా కెమెరా పెట్టి తీశాడు. ఆ ముక్కలు తర్వాత ఎన్నో చౌకరకం చిత్రాల్లో అతుకులుగా కనిపించాయి. హారీహౌసెన్ కూడా తన చిత్రంలో ఒక చోట నిజమైన ఇగ్వానాను వాడాడు.

బల్లిని ఫోటోలో పెంచవచ్చు, ప్రకృతిలో పెంచలేం. పొడవు పది రెట్లయితే బరువు వెయ్యి రెట్లవుతుంది. ఎముకల అడ్డకోత మాత్రం వంద రెట్లే. కాళ్ళు విరిగి కూలబడుతుంది. ఈ సూత్రాన్ని 1926లో ఒక చక్కని వ్యాసంలో వివరించినవాడు, తర్వాత మన దేశానికి వచ్చి భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్. భారీ జంతువుకు భారీ జంతువు కాళ్ళే కావాలి. అవి ఎలా ఉంటాయో చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ ముందు నిలబడండి. ఆదిలాబాద్ ప్రాంతంలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు యాదగిరి 1988లో ఆ పేరు పెట్టారు. రాయ్‌పూర్ నుంచి ఉత్తరాన ఉన్న జబల్‌పూర్‌లోనైతే 1828లోనే స్లీమన్ అనే సైనికాధికారికి డైనోసార్ ఎముకలు దొరికాయి. అప్పటికి ‘డైనోసార్’ అనే మాటే పుట్టలేదు.

ఇలాంటి తప్పుల్ని నేను క్షమిస్తాను. ప్రతి డైనోసార్ సినిమా, తీసిన సంవత్సరపు విజ్ఞానానికి ఒక ఫోటో. ఓబ్రయన్, హారీహౌసెన్‌లు చార్లెస్ నైట్ గీసిన బొమ్మలు చూసి నేర్చుకున్నారు. ఆ రోజుల్లో పండితులూ తోక నేలమీద ఈడుస్తుందనే అనుకున్నారు. 1993లో ‘జురాసిక్ పార్క్’ వెలాసిరాప్టర్‌కు నున్నటి చర్మం తొడిగింది. 1996లో చైనా నుంచి ఈకల వంటి నూగున్న డైనోసార్ వచ్చింది. 2007లో వెలాసిరాప్టర్ చేతి ఎముక మీదే ఈకలు నాటుకున్న గుర్తులు కనిపించాయి. తప్పు బయటపడింది, దిద్దుకున్నాం, ఏ డైనోసారూ నొచ్చుకోలేదు.

నడుము వంచింది ఎవరు?

మనిషి విషయంలో అలా కాదు. ఆ సినిమాల్లో గుహమానవుడు నడుము వంచి, దుడ్డుకర్ర పట్టి, గుర్రుమంటూ తిరుగుతాడు. 1966 చిత్రాన్ని మరోసారి చూడండి. నల్లజుట్టు కొండతెగవాళ్ళు మొరటువాళ్ళు, తిండికోసం కొట్టుకుంటారు. బంగారుజుట్టు సముద్రతెగవాళ్ళు నాగరికులు, గోడలమీద బొమ్మలు వేస్తారు. చిన్నప్పుడు నేను గమనించలేదు. ఇప్పుడు గమనించకుండా ఉండలేను.

ఆ వంగిన నడుముకు ఒక చరిత్ర ఉంది. 1908లో ఫ్రాన్సులో లా షపెల్ ఓ సాన్ గుహలో ఒక నియాండర్తాల్ అస్థిపంజరం దొరికింది. దాన్ని పరిశీలించిన మార్సెలిన్ బూల్, అతడు మోకాళ్ళు వంచి, తల వేలాడేసి నడిచాడని తీర్మానించాడు. సినిమాలకూ, కార్టూన్లకూ అదే అచ్చు అయింది. 1957లో మళ్ళీ పరిశీలిస్తే, అవి కీళ్ళవాతంతో బాధపడ్డ ఒక పెద్దవయసు మనిషి ఎముకలని తేలింది. ఒక ముసలాయన నొప్పిని ఒక జాతి మొత్తం స్వభావంగా చూపించారన్నమాట!

‘గుహమానవుడు’ అనే మాట కూడా సగమే నిజం. ప్రాచీనులు ఎక్కువగా ఆరుబయట, నదుల ఒడ్డున తిరిగారు. గుహల్లో ఎముకలు చెడకుండా నిలుస్తాయి కనక మనకు అక్కడ దొరుకుతున్నాయి. రాయ్‌గఢ్ దగ్గర సింఘన్‌పూర్, కబరా పహాడ్ రాతిగోడల మీద వర్ణచిత్రాలు వేసినవాళ్ళు దుడ్డుకర్రల మొరటువాళ్ళు కారని ఒక్కసారి వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి జవాబు దగ్గరికి వద్దాం. బస్తర్ గోండులూ, మా రాయ్‌పూర్‌కు దక్షిణాన గరియాబంద్, ధమ్‌తరీ ప్రాంతాల్లో వెదురుపనికి పేరుపొందిన కమార్లూ మిల్లీమీటర్ల దారిలో మనకంటే ఒక్క అడుగు కూడా వెనక లేరు. మీరెంత కాలం పరిణామం చెందారో వాళ్ళూ అంతే కాలం చెందారు. అయినా మన ప్రభుత్వ పత్రాల్లోనే కమార్ల వంటి సమూహాలను ‘ఆదిమ తెగలు’ అని చాలాకాలం రాశారు. 2006లో గాని ఆ మాట మార్చి, ప్రత్యేకించి దుర్బల స్థితిలో ఉన్న గిరిజన సమూహాలు అనలేదు. కాగితం మీద మాట మారింది. తెరమీద బొమ్మ మారలేదు. పక్క జిల్లా మనిషిని పది లక్షల ఏళ్ళ వెనక్కి నెట్టేస్తే, అతని భూమి, భాష, బడి గురించి ఇప్పుడు మాట్లాడవలసిన అవసరం మనకు కనిపించదు. అందుకే ఈ తప్పు బరువైనది.

ఇంకొక మాట. 2010లో స్వాంటె పేబో బృందం నియాండర్తాల్ జన్యుపటాన్ని చదివింది. ఆఫ్రికా బయటి ప్రజలందరిలో, అంటే మీలోనూ నాలోనూ, సుమారు రెండు శాతం ఆ వారసత్వం ఉంది. ఈ పరిశోధనలకే పేబో 2022లో నోబెల్ అందుకున్నాడు. గుహమానవుడి కోసం బస్తర్ దాకా వెళ్ళనక్కర్లేదు, అద్దం చాలు.

సినిమా అయిపోయాక

అయితే ఈ సినిమాలు పిల్లలకు చూపించవద్దా? తప్పకుండా చూపించండి. కాలం లోతును తలచుకుని ఒళ్ళు గగుర్పొడవడం నాకు నేర్పింది పాఠ్యపుస్తకం కాదు, ఆ తెల్లవారుజాము ఆలోసారస్. మీరు చేయవలసిందల్లా సినిమా అయ్యాక ఒక పావుగంట కూచోవడం. “ఈ బొమ్మను ఎలా కదిపారు?” అని అడగండి. “ఈ ఇద్దరి మధ్య ఎన్ని కిలోమీటర్లు?” అని అడగండి. చివరగా, “ఇందులో మనిషిని ఎవరిలా చూపించారు, ఎందుకు?” అని అడగండి. మొదటి రెండు ప్రశ్నలకు పిల్లలు చకచకా జవాబు చెబుతారు. మూడోదానికి పెద్దవాళ్ళమూ కాస్త ఆలోచించాలి.

ఆ రోజు ప్రదర్శనలో ఆ నమూనాకు బహుమతి ఇవ్వలేదు. కాని ఆ అమ్మాయితో మిల్లీమీటర్ల లెక్క చేయించాను. డైనోసార్‌ను తనే తీసి సంచిలో వేసుకుంది. తర్వాత మట్టిబొమ్మల మెడలోని పూసలదండలవైపు కాసేపు చూసి, “వీటినేం చేయను సార్?” అంది. “దండలు తియ్యకు. పక్కన ఒక సైకిలూ, ఒక బడీ చేసి పెట్టు. అప్పుడది వేరే నమూనా అవుతుంది” అన్నాను.

‘రాక్షసబల్లి’ అని రాయడం నేనూ మానేశాను.