విప్పి చూడమనే చాకు

మంచి చాకు చేతికి రాగానే చాలామంది ముందు వాదర చూస్తారు. బొటనవేలి గోటి మీద ఆనిస్తారు, కాగితం కోస్తారు, ముంజేతి మీద నాలుగు వెంట్రుకలు గీసి పదును ఎంతుందో తేల్చేస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పదును మీద నాకు అంత పట్టింపు లేదు. వాడుతుంటే అది ఎలాగూ పోతుంది, ఆ తర్వాత ఉండేది మనం పెట్టుకున్న పదునే. నేను ముందు చూసేది కీలు. బ్లేడు తెరిచేటప్పుడు ఎక్కడైనా గీసుకుంటుందా, తెరిచాక పక్కలకు కదులుతుందా, మూసినప్పుడు సరిగ్గా పిడి మధ్యలోకి దిగుతుందా అన్నది చూస్తాను. మడత చాకు బతుకంతా ఆ కీలు మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ వారం చెప్పబోయేది సెబెంజా 31 అనే మడత చాకు గురించి. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో క్రిస్ రీవ్ నైవ్స్ అనే సంస్థ తయారు చేస్తుంది. దీనిలో రెండు సైజులున్నాయి. నాది చిన్నది: బ్లేడు మూడంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ, బరువు 85 గ్రాములు. డాలస్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడు సెలవుల్లో వస్తూ చెకిన్ సామానులో పెట్టి తెచ్చాడు. ధర 400 డాలర్ల పైమాటే, మన లెక్కలో 35 వేలు దాటింది. డబ్బు నేనే ఇచ్చాను. పెట్టె చేతికిస్తూ వాడు అడిగాడు: "మామా, చాకుకు ఇన్ని పైసలా? దీంతోటి ఏం కోస్తవ్?"

అడగాల్సిన ప్రశ్నే అది. కోసేది అందరూ కోసేదే. పార్సిల్ మీది టేపు, బియ్యం బస్తా కుట్టు, జామకాయ, మందుల అట్ట, మొక్కకు కట్టిన పురికొస. యాభై రూపాయల చాకు కూడా ఇవన్నీ కోస్తుంది. అందుకే ఏం కోస్తుందన్న దానితో దీని ధరను సమర్థించడం కుదరదు. జవాబు ఇంకోచోట వెతకాలి.

పెట్టెలో చాకుతో పాటు రెండు వస్తువులున్నాయి. ఒకటి ఆ చాకు తయారైన తారీఖు రాసిన చిన్న కార్డు. రెండోది మెకానిక్కులు ఎల్లెన్ కీ అనే ఆరు పలకల తాళంచెవి. నాకు ఆసక్తి కలిగించింది ఈ రెండోదే. ఈ రోజుల్లో ఖరీదైన వస్తువు ఏది కొన్నా "విప్పితే వారంటీ పోతుంది" అని స్టిక్కరు అంటించి ఇస్తారు. ఫోను అంతే, మిక్సీ అంతే. వీళ్లేమో వస్తువుతో పాటే దాన్ని విప్పే పనిముట్టు కూడా ఇస్తున్నారు. విప్పండి, తుడవండి, గ్రీజు రాయండి, మళ్లీ బిగించండి అన్నది వీళ్ల పద్ధతి.

విప్పించడానికి హైదరాబాద్‌లోని బాలానగర్ తీసుకెళ్లాను. నేను విప్పలేక కాదు. 1968లో అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చిన నాటి నుంచి ఆ చుట్టుపక్కల అచ్చులు, డైలు చేసే చేతులకు కొదవ లేదు. అలాంటి చేయి ఈ చాకును చూసి ఏమంటుందో వినాలనిపించింది. క్రిస్ రీవ్ కూడా ఆ కోవలోని మనిషే. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో టూల్ అండ్ డై మేకర్‌గా పని నేర్చి, కత్తుల తయారీలోకి వచ్చి, 1989లో అమెరికా వెళ్లి స్థిరపడ్డాడు.

తెలిసిన వర్క్‌షాపు ఉంది. అక్కడి పెద్దాయనకు అరవై దాటాయి. చేతులు తుడుచుకుని చాకు అందుకున్నాడు. తెరవలేదు. ముందు మూసి ఉన్నదాన్ని దీపానికి ఎదురుగా పట్టి, రెండు పలకల మధ్య బ్లేడు ఎటువైపుకైనా ఒరిగిందేమో చూశాడు. తర్వాత తెరిచి కొసను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. కదల్లేదు. అప్పుడు కీ పెట్టి మూడు స్క్రూలు తీశాడు. రెండు టైటానియం పలకలు, బ్లేడు, కంచు వాషర్లు రెండు, కీలులో బుష్ అనే చిన్న గొట్టం ఒకటి, మరికొన్ని చిన్న ముక్కలు. గుడ్డ మీద అన్నీ వరసగా పేర్చాడు. బుష్‌ను బ్లేడు రంధ్రంలోకి వదిలాడు. అది పడిపోలేదు, ఇరుక్కోనూ లేదు, మెల్లగా దిగింది.

"ఈ బుష్ చూడు సార్" అన్నాడు. "బ్లేడు, వాషర్లు కలిపిన మందం కన్నా జరంత ఎక్కువ ఉంచిండు. స్క్రూ ఎంత టైట్ చేసినా పలకలు బుష్‌కు తగిలి ఆగుతయ్, బ్లేడు మీద పడయ్. ఇగ లూజు చేసుడు, టైట్ చేసుడు అనే ముచ్చటే లేదు. మంచిగ తీసిండు."

ఈ చాకు గురించి నేను చదివిన వ్యాసాలన్నిటి కంటే ఆ నాలుగు మాటలే ఎక్కువ చెప్పాయి. మామూలు మడత చాకులో కీలు స్క్రూ బిగిస్తే బ్లేడు పట్టేస్తుంది, వదులు చేస్తే ఊగుతుంది. ఆ రెంటికీ మధ్య సరైన చోటు వెతుక్కోవాల్సింది మనమే. అది నాలుగు రోజులకే మళ్లీ తప్పుతుంది. సెబెంజాలో స్క్రూను చివరిదాకా బిగించడమే, అదే సరైన చోటు. విప్పినవాళ్లు ఎవరైనా దాన్ని మునుపటిలాగే బిగించగలరు. అందుకే కీ ఇచ్చే ధైర్యం వాళ్లకుంది. ఆ తేడా అంగుళంలో వెయ్యో వంతు లెక్కల్లో ఉంటుంది. అంత కచ్చితంగా ప్రతి చాకులోనూ తీయడానికి ఖర్చవుతుంది. నేను ఇచ్చిన డబ్బులో పెద్ద వాటా ఆ బుష్‌దే అని నా అభిప్రాయం.

ఇక లాక్ సంగతి. పిడికి ఒక పక్క పలకను పొడవునా కొంతమేర చీల్చి, చీలిన ముక్కను కాస్త లోపలికి వంచి ఉంచుతారు. టైటానియానికి స్ప్రింగు గుణం ఉంది కాబట్టి అది ఎప్పుడూ లోపలికే వస్తానంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ ముక్క జారి, తలుపు వెనక గడియ పడ్డట్టు బ్లేడు మడమ వెనక నిలబడుతుంది. మనం పిడిని ఎంత గట్టిగా పడితే అది అంత గట్టిగా ఆనుకుంటుంది. అమెరికాలో మైఖేల్ వాకర్ 1980ల్లో తెచ్చిన లైనర్ లాక్‌లో ఈ పని పిడి లోపలి పల్చటి రేకు చేసేది. క్రిస్ రీవ్ ఆ రేకును తీసేసి పిడి పలకనే లాక్‌గా మార్చాడు. ఇప్పుడు చవక చాకుల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తోంది. సెబెంజా 31లో ఇంకో మార్పు ఉంది: లాక్ బ్లేడును తాకే చోట సన్నటి సిరామిక్ గోళీ పెట్టారు. టైటానియం, ఉక్కు నేరుగా ఒరుసుకుంటే కొన్నేళ్లకు అరుగుతాయి. గోళీ ఆ అరుగుదలను తగ్గిస్తుంది.

బ్లేడు ఉక్కు పేరు మాగ్నాకట్. లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త దీన్ని రూపొందించాడు, 2021లో బయటికి వచ్చింది. కరిగిన ఉక్కును గ్యాసుతో చిమ్మి పొడిగా మార్చి, ఆ పొడిని వేడితో ఒత్తిడితో మళ్లీ గట్టి ముద్దగా చేస్తారు. దీనిలో క్రోమియం 10.7 శాతం, వనేడియం 4 శాతం, నియోబియం 2 శాతం. మామూలు స్టెయిన్‌లెస్‌లో క్రోమియంలో కొంత భాగం కర్బనంతో కలిసి పెద్ద పెద్ద గట్టి రేణువులవుతుంది. దానివల్ల వాదర పెళుసు బారుతుంది, తుప్పును ఆపే శక్తీ తగ్గుతుంది. మాగ్నాకట్‌లో ఆ రేణువులు లేకుండా చేశారు. క్రోమియమంతా తుప్పును ఆపే పనిలోనే ఉంటుంది. గట్టిదనం చిన్న చిన్న వనేడియం, నియోబియం రేణువుల నుంచి వస్తుంది. పచ్చి మామిడికాయ కోసి తుడవకుండా వదిలేస్తే మా ఇంటి పాత చాకు నల్లబడుతుంది. దీంతో కోసి, మర్నాటిదాకా అలాగే వదిలి చూశాను, మచ్చ పడలేదు.

వనేడియం మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట చెప్పాలి. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారు. దమస్కస్ కత్తులుగా లోకమెరిగిన ఆయుధాలకు ఇలాంటి దక్షిణాది ఉక్కు కూడా ముడిసరుకే. 1820ల్లో కోనసముద్రాన్ని చూసిన హెన్రీ వాయిసీ అనే సర్వే అధికారి, ఉక్కు కోసం పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ ఉన్న వర్తకుణ్ణి గురించి రాశాడు. ఆ కత్తుల మీది నీటి అలల్లాంటి గీతలకు కారణమేమిటని 1990ల్లో జాన్ వెర్హోవెన్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి పరిశోధించారు. ఆ ఉక్కులో లేశమాత్రంగా కలిసిన వనేడియం లాంటి మూలకాలే గట్టి రేణువులను వరసలుగా పేర్చాయని వాళ్లు తేల్చారు. అప్పుడు ఖనిజంతో తెలియకుండా వచ్చింది, ఇప్పుడు కొలిచి కలుపుతున్నారు. రెండూ వేర్వేరు ఉక్కులు, రేణువుల తీరు కూడా వేరే. కానీ మంచి ఉక్కు కోసం సముద్రాలు దాటి వచ్చి డబ్బు పెట్టడం మన నేలకు కొత్త కాదని మేనల్లుడికి చెప్పాను.

వాడుకలో ఎలా ఉంది? పెన్సిలు చెక్కితే తెలిసింది. బ్లేడు రెండు పక్కలా లోపలికి గుంట తీసి ఉంటుంది కాబట్టి వాదర వెనక లోహం చాలా పల్చన. చెక్క పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది, ములుకు విరగలేదు. బత్తాయి తొక్క పై నుంచి కింది దాకా తెగకుండా ఒకటే పట్టీలా వచ్చింది. బ్లేడు తెరిచేటప్పుడు తటాలున ఎగరదు. బొటనవేలితో తోస్తే మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో, ఒకే బిగితో వస్తుంది. మూసేటప్పుడూ అంతే. ఆ కదలిక నాకు చాలా నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. తడి చేతికి టైటానియం పిడి జారుతుంది. పండ్లు కోసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. కొత్తలో లాక్ బిగుతుగా ఉండి, నెట్టే బొటనవేలికి అంచు ఒత్తుకుంటుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది పనికిరాదు, వాళ్ల కోసం వేరే రకం తెప్పించుకోవాలి. జేబులో తాళాలతో పాటు వేస్తే పిడి మీద గీతలు పడతాయి. ఇక టెంకాయ కొట్టడానికి, ఆవకాయ ముక్కలకు ఈ బ్లేడును వాడకూడదు. గుంట తీసిన పల్చటి వాదర ఆ దెబ్బకు నిలవదు.

పదును విషయంలో ఒక జాగ్రత్త. వనేడియం రేణువులు మామూలు సానరాయి గరుకు కంటే గట్టివి. మామూలు రాయితో పదును పెట్టొచ్చు గానీ చాలాసేపు పడుతుంది. డైమండ్ పొడి అంటించిన పలక ఉంటే పని తొందరగా, శుభ్రంగా అవుతుంది. పూర్తిగా మొద్దుబారేదాకా ఆగకుండా, కాస్త తగ్గిందనిపించగానే నాలుగు సార్లు రుద్దితే చాలు.

ఈ అలవాటు చూడాలంటే బోయిసీ వెళ్లక్కర్లేదు. మా నల్లగొండ వైపు కల్లు గీసే గౌడన్న రోజూ ముస్తాదులో కత్తి పెట్టుకునే చెట్టెక్కుతాడు. ఎక్కే ముందు కత్తి నూరడం మానడు. గెల కొస నుంచి పల్చటి పొర మాత్రమే తీయాలి, మొద్దు కత్తితో గీస్తే గెల నలిగి కల్లు తగ్గుతుంది. రోజూ వెంట ఉండే కత్తి అనే మాటకు నాకు తెలిసిన నిండైన ఉదాహరణ అతనే. తన పనిముట్టును తానే చూసుకుంటాడు, ఇంకొకరికి అప్పజెప్పడు. సెబెంజా చేసినవాళ్లు తమ కొనుగోలుదారు నుంచి ఆశిస్తున్నది కూడా ఇదే అనిపించింది. అందుకే అది నాకు పరాయి వస్తువులా తోచలేదు.

వెంట పెట్టుకోవాలనుకునే వాళ్లకు చట్టం సంగతి కూడా చెప్పాలి. మన ఆయుధాల నిబంధనలు తొమ్మిదంగుళాల కంటే పొడవైన, లేదా రెండంగుళాల కంటే వెడల్పైన బ్లేడున్న కత్తులను లైసెన్సు వ్యవహారంగా చూస్తాయి. ఇంటి, పొలం పనుల కత్తులకు దాన్నుంచి మినహాయింపు ఉంది. ఈ చాకు ఆ కొలతలకు చాలా లోపలే ఉంది. అయినా విమానంలో చేతి సంచీలో పెట్టకండి, జనం గుమిగూడే చోట బయటికి తీయకండి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి: అక్కడ లాక్ పడే మడత చాకును తగిన కారణం లేకుండా జేబులో పెట్టుకుని తిరగడం నేరం, బ్లేడు ఎంత చిన్నదైనా సరే.

కొనమంటానా? ముప్పై అయిదు వేలు ఇంట్లో వేరే అవసరానికి ఉంటే వద్దు. అందులో పదో వంతు ధరకు కూడా స్క్రూలతో విప్పదగ్గ, మంచి ఉక్కున్న మడత చాకులు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు రివెట్లు కొట్టి మూసేసింది కాకుండా విప్పగలిగేది అడిగి తీసుకోండి. పనితనం ఎంతదాకా వెళ్లగలదో చేత్తో పట్టుకుని చూడాలనే కోరిక ఉండి, స్తోమత కూడా ఉంటే సెబెంజా తీసుకోండి, ధరకు తగిన వస్తువే. ఏది కొన్నా దానితో పాటే ఒక సానరాయి కూడా కొనండి. రెండు పక్కలా వాడుకునే మామూలు రాయి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. వంటింట్లో మొద్దుబారి పడున్న చాకుతోనే ఈ ఆదివారం మొదలుపెట్టండి.