బోర్లించి చూడాలి

పాత కుర్చీ కొనేవాళ్లు ముందు అందులో కూర్చుని చూస్తారు. నేను బోర్లించి చూస్తాను. పైన ఎవరు ఎన్ని రంగులు పూసినా, అడుగున చెక్క చెక్కలాగే ఉంటుంది. కూసాలు కదిలాయా, మేకులు కొట్టి సరిపెట్టారా, పురుగు తొలిచిన పొడి రాలుతోందా, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఇరవై ఏళ్లుగా నా ఆదివారాలు ఇలాగే గడుస్తున్నాయి. పూర్ణా మార్కెట్‌లో కూరలు కొనడం, సంచీ నిండాక వన్‌టౌన్ వైపు నడిచి పాత సామాన్ల కొట్ల ముందు ఆగడం. విశాఖలో నాకు దీన్ని మించిన షికారు లేదు. బీచ్ రోడ్డు కూడా దీని తర్వాతే.

కిందటి నెల ఒక టీపాయ్ కనిపించింది. ఆకుపచ్చ ఎనామిల్ రంగు, అదీ మూడు పొరలు. ఒక కాలు కాస్త పొట్టి. ఎత్తబోతే బరువుకి చెయ్యి గుంజింది. తిరగేస్తే రంగు అంటని చోట తేనెరంగు చెక్క, దాని మీద తెల్ల పెయింటుతో వేసి సగం చెరిగిన అంకెలు. ఏదో ఆఫీసులో కండెమ్ చేసి వేలం వేసిన సామానన్నమాట. సొరుగు లాగి వాసన చూశాను. టేకే. కొట్టు పెద్దాయన తొమ్మిది వందలన్నాడు, నేను అయిదన్నాను. “టేకు తల్లీ ఇది. తెలిసే కదా సొరుగు వాసన చూసినావు!” అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఏడు వందల యాభై ఇచ్చి తెచ్చుకున్నాను. సరుకు తెలిసిన మనిషితో బేరమాడితే ఇద్దరి మర్యాదా నిలబడుతుంది.

కొనడం ఒక పూట పని. దాన్ని మనదిగా చేసుకోవడం వారం రోజుల పని. పాత రంగుని గాజుపెంకుతో గీకాలి, అదీ చెక్క చార వెంట మాత్రమే. అడ్డంగా గీకితే పడిన గీత జన్మలో పోదు. తర్వాత గరుకు కాగితం. ఆ తర్వాత స్పిరిట్‌లో కరిగించిన లక్కని పాత నూలుగుడ్డ ఉండతో పల్చగా రుద్దాలి, పొర ఆరాక మరో పొర. మన ఊళ్లో దీనికి ఎండ కాసే రోజు చూసుకోవాలి. ముసురులో పెడితే లక్క తెల్లబారిపోతుంది. పొట్టి కాలి సంగతి మా వీధి వడ్రంగి చూశాడు. మిగతా మూడు కాళ్లూ కొంచెం కోయించేద్దామని నేనంటే, “ఒక్కదాని కోసం మూడింటిని కొయ్యడమేటమ్మా? కురచదానికే చెక్క అతికిద్దాం” అన్నాడు. అతికిన చోటు వేలు పెట్టి తడిమితే తప్ప తెలియదు.

ఈ ఊళ్లో మంచి పాత సామాను దొరకడానికి కారణం ఊరి బతుకులోనే ఉంది. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకి పునాది పడింది. 1948లో అక్కడ తయారైన ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది. తూర్పు నౌకాదళానికి కేంద్రం ఇదే. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో జనం వీధుల్లోకి వచ్చారు. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. వీటి వెంట ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. బదిలీ అయినవాళ్లు లారీలో పట్టనివి వదిలేసి వెళ్తారు. ఆ కర్మాగారం వాళ్లుండే ఉక్కునగరంలో రిటైరైనవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు, చిన్న ఫ్లాటులో ఇమడనివి అమ్ముకుంటారు. మా ఇంట్లో పుస్తకాల బీరువా అలా వచ్చిందే. దాన్ని ఇచ్చినావిడ తలుపు మడతబందుల్లో చివరిసారి నూనె చుక్కలు వేసి మరీ అప్పగించింది. ఆ నూనె వెయ్యడం నేనింకా మానలేదు.

వచ్చిన సామానులో ఏది మిగలాలో నిర్ణయించేది సముద్రం. ఉప్పుగాలికి ఇనుప మంచం నాలుగేళ్లలో పొలుసులు రాలుతుంది. ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. టేకు, ఇత్తడి మాత్రం నిలుస్తాయి. ఇత్తడి నల్లబడుతుందే గాని చింతపండు రుద్దితే మళ్లీ నవ్వుతుంది. కాబట్టి కొట్టులో ముప్ఫై నలభై ఏళ్ల వస్తువు నిటారుగా నిలబడి ఉందంటే, అది ఈ గాలి పెట్టిన పరీక్ష నెగ్గినట్టే.

చెక్కపని ఈ ఊరికి నిన్న మొన్నటిది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు దంతం తాపిన పెట్టెలూ కుర్చీలూ చేసేవారు. దంతం రేకు మీద పూలతీగల్ని సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. ఈస్టిండియా కంపెనీ దొరలు వాటిని ఓడల్లో ఇంగ్లండు తీసుకెళ్లారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. అక్కడివాళ్లు ఆ పనితనాన్ని మన ఊరి పేరుతోనే, ‘విజాగపటం’ అనే పిలుస్తారు. వస్తువుకి ఊరి పేరు నిలిచింది గాని, చేసిన చేతుల పేర్లు నిలవలేదు. అది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. దంతం కోసం ఏనుగు చావాలి గనక దాన్ని మళ్లీ కోరుకోకూడదు. 1986లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి మన దేశపు దంతం వ్యాపారాన్ని నిషేధించడం సరైన పని. పాతదని ఎవరు ఆశపెట్టినా దంతం వస్తువు కొనకండి.

లక్క మాత్రం ఇక్కడే ఉండిపోయింది. వరహా నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. పసుపు నుంచీ, ఆకులూ గింజల నుంచీ తీసిన రంగులవి. ఆ సహజరంగుల్ని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. అక్కడి కుంకుమ భరిణె ఒకటి నా టీపాయ్ మీద పెట్టాను. ఎవరూ గమనించకపోవచ్చు, కానీ కింద చెక్క మెరుపూ పైన భరిణె ఎరుపూ రెండూ లక్కవే.

టీపాయ్ తయారైన రోజు రాత్రి దాని మీద టీ గ్లాసు పెట్టుకుని ‘మరోచరిత్ర’ చూశాను. 1978లో బాలచందర్ విశాఖ, భీమిలి పరిసరాల్లో తీసిన నలుపు తెలుపు సినిమా. మొదటిసారి చూసినప్పుడు కమల్‌హాసన్, సరితల కోసం ఏడ్చాను. ఇప్పుడు వాళ్ల వెనకాల ఉన్నదాన్ని చూస్తాను. జనం పల్చగా ఉన్న సముద్రపు ఒడ్డు, ఖాళీ రోడ్లు, పెంకుటిళ్ల అరుగులు. ఎవరూ దాచిపెట్టాలనుకోకుండానే ఊరి పాత రూపం ఆ కథ వెనక దాక్కుంది. సినిమానీ బోర్లించి చూడొచ్చని నాకు అప్పుడు తెలిసింది. ఊళ్లో పేర్లూ అంతే. జగదాంబ జంక్షన్ మీదుగా రోజూ వెళ్తూ కూడా, ఆ కూడలికి పేరిచ్చింది ఒక సినిమా హాలని ఎన్నిసార్లు తలుచుకుంటాం?

ఆనందం ఖరీదైన వస్తువులో ఉందని నేను నమ్మను. ఒక వస్తువు మీద మనం పెట్టిన చూపులో, దానికిచ్చిన గంటల్లో ఉంది. కొత్త టీపాయ్ ఇంటికి వచ్చిన రోజే అందంగా ఉంటుంది. ఇది నేను తుడిచిన ప్రతిరోజూ కొంచెం అందమవుతోంది.

ఈసారి ఇల్లు సర్దేటప్పుడు అటక మీది పాత పీటనో కుర్చీనో పారేసే ముందు ఒక్కసారి బోర్లించి చూడండి. కూసాలు గట్టిగా ఉంటే మీ వీధి వడ్రంగిని పిలవండి. ఆయనకి ఒక పూట పని దొరుకుతుంది, మీకు ఇంకో ముప్ఫై ఏళ్లు పనికొచ్చే వస్తువు దొరుకుతుంది.