మందు ఎక్కడిదాకా వెళ్లింది?

మింగిన మందు రక్తంలో ఎంతుందో చెప్పడం ల్యాబులకు పాత పనే. జబ్బుపడ్డ అవయవంలో ఏ మూలకు చేరిందో చెప్పడమే కష్టం. కణజాలాన్ని రుబ్బి పరీక్షిస్తే ఏముందో తెలుస్తుంది గానీ, ఎక్కడుందో తెలియదు. ఆ లోటు తీర్చేదే మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్.

గడ్డకట్టించిన కణజాలాన్ని పది పన్నెండు మైక్రాన్ల పొరగా కోసి గాజు పలక మీద పరుస్తారు. లేజర్ కాంతిని పీల్చుకునే మ్యాట్రిక్స్ అనే రసాయనాన్ని దానిపై చల్లుతారు. పనితనమంతా ఈ చల్లడంలోనే ఉంది. తడి ఎక్కువైతే అణువులు పక్కకు పాకి పటం అబద్ధమాడుతుంది. మరీ పొడిగా పడితే అవి పొరలోంచి పైకే రావు. తర్వాత లేజర్ చుక్క చుక్కనూ తాకుతూ పోతుంది. విద్యుదావేశం పొంది పైకి లేచిన అణువులను యంత్రం ద్రవ్యరాశిని బట్టి వేరుచేస్తుంది. ఒక్కో ద్రవ్యరాశికి ఒక్కో పటం. లేజర్‌తో ఇలా పటం గీయవచ్చని రిచర్డ్ కాప్రియోలి బృందం 1997లో చూపింది.

దీని సత్తా క్షయలో బాగా కనిపించింది. క్షయ పుండు నడిమిభాగం చచ్చి జున్నులా తయారవుతుంది. మొండి క్రిములు దాక్కునేది అక్కడే. శస్త్రచికిత్సలో తీసిన ఊపిరితిత్తుల ముక్కలను వెరోనిక్ డార్ట్వా, బ్రెండన్ ప్రిడో తదితరులు ఇలా పటం గీసి 2015లో ప్రచురించారు. రిఫాంపిసిన్ అనే క్షయ మందు ఆ నడిమిలోకి చేరింది. మాక్సిఫ్లోక్సాసిన్ అనే మరో మందు చుట్టూ ఉన్న కణాల్లో పోగుపడి, లోపలికి సరిగా వెళ్లలేదు. మాక్సిఫ్లోక్సాసిన్‌తో ఆరు నెలల చికిత్సను నాలుగు నెలలకు కుదించబోయిన ట్రయల్ 2014లో విఫలమైంది. జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. కారణం పటంలోనే దొరికిందనిపించింది.

రంగుల పటం చూడగానే తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త అవసరం. ఒక చోట మెరుపు ఎక్కువుందంటే మందు ఎక్కువున్నట్టు కాదు. పక్కనున్న కొవ్వులు, లవణాలు సంకేతాన్ని అణచివేయగలవు. ఒకే ద్రవ్యరాశి ఉన్న గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వంటివి ద్రవ్యరాశి ఒక్కదాన్నే చూస్తే వేరుపడవు. పైగా పటం చెప్పేది ఒక మందు చోటు గురించే, కలిపి వాడే మందుల ఫలితం గురించి కాదు.

2021లో మరో పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రిఫాపెంటిన్ అనే మందుతో పాటు అదే మాక్సిఫ్లోక్సాసిన్ కలిపిన నాలుగు నెలల చికిత్స ఆరు నెలల దానికి తీసిపోలేదు. మాక్సిఫ్లోక్సాసిన్ లేని నాలుగు నెలల చికిత్స మాత్రం నిలవలేదు. పటం తప్పు కాదు, దాని మీద కట్టిన తీర్పే తొందరపాటు. ఆ నాలుగు నెలల పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో పన్నెండేళ్లు, ఆపై వయసు వారికి చేర్చింది.