వందకు కొసరు

పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు బిట్లు రాసిపెట్టడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. జీతం లేదు, తీరిక ఉంది. మరిపెడ బంగ్లా నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి సాయంత్రం పూట వచ్చి కూర్చునేవాళ్ళలో కానిస్టేబుల్ కొట్టాలనుకునే కుర్రాడు ఉంటాడు, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసే అమ్మాయి ఉంటుంది, ఇంట్లో గ్రూప్-2 అని చెప్పి మనసులో గ్రూప్-4 వస్తే చాలనుకునేవాడూ ఉంటాడు. వాళ్ళ పేపర్లు దిద్దేటప్పుడు ప్రతిసారీ కనిపించేది ఒకటుంది. జవాబు తెలియకపోతే చెయ్యి రౌండ్ ఫిగర్ మీదికి పోతుంది. ఆప్షన్లలో 96, 100, 108, 112 ఉన్నాయంటే ప్రశ్న చదవకముందే వందకు టిక్కు పడిపోతుంది.

వాళ్ళను తప్పుపట్టలేం. జీకే పుస్తకం ఏ పేజీ తిప్పినా వంద ఎదురొస్తుంది. ఆవర్తన పట్టికలో వందో మూలకం ఫెర్మియం, 1952లో పసిఫిక్ మహాసముద్రంలో పేల్చిన హైడ్రోజన్ బాంబు శిథిలాల్లో దొరికింది. రాజ్యాంగానికి వందో సవరణ 2015లో బంగ్లాదేశ్‌తో సరిహద్దు భూముల మార్పిడి కోసం చేసింది. వంద రూపాయల కొత్త నోటు వెనక గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్లబావి. రోమన్ అంకెల్లో సి. ఇవి కంఠస్థం చేసుకుంటే మార్కులొచ్చే బిట్లు. రాసేవాడికి శ్రమ లేదు, చదివేవాడికి రుచీ లేదు.

నాకు రుచిగా ఉండేవి వేరే వందలు. దగ్గరికి వెళ్ళి చూస్తే సరిగ్గా వంద కానివి. ఒకదానికి కొసరు ఉంటుంది, ఇంకొకదానికి తరుగు ఉంటుంది. మంచి ప్రశ్న ఆ కొసరు దగ్గరో తరుగు దగ్గరో పుడుతుందని నా నమ్మకం.

కౌరవులు ఎందరు? వందమంది అని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. గాంధారి ప్రసవించిన మాంసపిండాన్ని వ్యాసుడు ఎన్ని భాగాలు చేశాడు అని అడిగి చూడండి, గదిలో సగం మంది తలలు దించుకుంటారు. నూటొక్కటి. ఆ చివరి భాగం దుస్సల. ధృతరాష్ట్రుడికి వేరే తల్లి కన్న యుయుత్సుణ్ణి కూడా కలుపుకుంటే లెక్క ఇంకొకటి పెరుగుతుంది, పైగా అతను యుద్ధంలో పాండవుల వైపు చేరాడు.

శతకం పేరులోనే వంద ఉంది. పద్యాలు మాత్రం నూటెనిమిది ఉండటం ఆనవాయితీ. మాకు తొర్రూరు దాటితే పాలకుర్తి. బసవడి మీద వృషాధిప శతకం చెప్పిన పాల్కురికి సోమన ఊరు అదే. ఖమ్మం దాటి ఇంకాస్త వెళితే నేలకొండపల్లి, దాశరథీ శతకం చెప్పిన కంచెర్ల గోపన్న ఊరు. జపమాల పూసల లెక్క పద్యాలకూ ఎక్కింది. దేవుడికి చెప్పుకునేది వందతో ఆపేయడానికి మనవాళ్ళకు మనసొప్పలేదు.

మనిషికి ఇచ్చేటప్పుడూ అంతే. పెళ్ళిలో కట్నం చదివించేవాళ్ళు, పురోహితుడికి సంభావన ఇచ్చేవాళ్ళు ఉత్త వంద నోటు చేతిలో పెడితే ఎంత వెలితిగా ఉంటుందో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. నూటపదహార్లు, చెయ్యి పెద్దదైతే వెయ్యినూటపదహార్లు. ఈ పదహారు ఎక్కడిదని నేను అడగని పెద్దమనిషి లేడు. మా వైపు వినబడే కథ నిజాం రూపాయిది, అంటే హాలీ సిక్కాది. నిజాం పాలన చివరి దశాబ్దాల్లో హాలీ సిక్కా ఏడు రూపాయలకు ఇంగ్లీషు రూపాయలు ఆరు వచ్చేవి. ఆ లెక్కన ఇంగ్లీషు వంద రూపాయలు కావాలంటే హాలీ సిక్కాలు 116 రూపాయల 10 అణాల 8 పైలు ఇవ్వాలి. నీకిచ్చేది అసలు సిసలు వందే సుమా అని చెప్పడానికి నూటపదహారు ఇచ్చేవారని కథ.

లెక్క బాగా కుదిరింది. అందుకే నాకు అనుమానం. నిజాం రూపాయి చెల్లని రాజమండ్రిలో, గుంటూరులో కూడా నూటపదహార్లే కదా ఇస్తారు! సున్నాతో ముగిసేది శుభం కాదు, ఇచ్చేదానికి పైన ఇంకేదో ఉండాలి అని ఇంట్లో ఆడవాళ్ళు చెప్పే కారణమే నాకు నచ్చుతుంది. మామిడికాయలు వంద ఏరుకుని పైన నాలుగు వేయించుకోకుండా బుట్ట ఎత్తని జాతి మనది. అసలు కంటే కొసరు ముద్దు అని ఊరికే అన్నారా?

అసలు మనకు నిండుదనం అంటే వంద కాదు, పదహారు. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు ఉన్న కాలం 1957 ఏప్రిల్ 1న పోయింది. ఆ రోజు నుంచి రూపాయికి వంద నయాపైసలు. పిల్లలకు ఈ తేదీ నోటికి వచ్చు. కానీ ఇప్పటికీ పదహారణాల తెలుగమ్మాయి అంటాం గానీ వంద పైసల తెలుగమ్మాయి అని ఎవరూ అనరు. చట్టం లెక్కను మార్చింది, నోటిని మార్చలేకపోయింది.

ఇక భూమి దగ్గరికి వద్దాం. బిట్ బ్యాంకుల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: ఎకరానికి ఎన్ని సెంట్లు? వంద. నేనూ ఒక పేపర్లో పెట్టాను. ఒక తండా నుంచి వచ్చే అమ్మాయి, ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునేది, పేపర్ ఇచ్చేసి కదలకుండా నిలబడింది.

“సార్, ఈ ప్రశ్న మనకెందుకు సార్? మా బాపు పాస్‌బుక్‌ల సెంట్లు లేవు, గుంటలున్నయి.”

“పాస్‌బుక్‌లో ఎంతుంది బిడ్డా?”

“రెండు పాయింట్ ఇరవై.”

“అంటే ఎంత?”

“రెండున్నర ఎకరాలు సార్,” అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

ఈ రెండు పాయింట్ ఇరవైని మించిన బిట్టు నేను ఇంతవరకూ రాయలేదు. మన తెలంగాణ పట్టా పుస్తకంలో చుక్కకు ఇవతల ఎకరాలు, అవతల గుంటలు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. కాబట్టి 2.20 అంటే రెండున్నర. అదే కాగితాన్ని ఆంధ్రాలో చదివితే రెండెకరాల ఇరవై సెంట్లు. ముప్పై సెంట్ల భూమి, అంటే పన్నెండు గుంటలు, ఒక్క చుక్క దగ్గర మాయమైపోతుంది. ఖమ్మం అవతల పాత కృష్ణా జిల్లా సరిహద్దు గ్రామాల్లో వియ్యమందిన కుటుంబాలకు ఈ లెక్క కొత్త కాదు. పొలం గురించి మాట్లాడుకునేటప్పుడు గుంటల్లోనా సెంట్లలోనా అని ముందే తేల్చుకుంటారు. పుస్తకంలో చుక్క తర్వాత ఉన్న ప్రతి అంకెనూ వందలో భాగంగా చదవడం బడి నేర్పిన అలవాటు. ఆ అమ్మాయికి పాస్‌బుక్ అంతకంటే ముందే వేరే చదువు చెప్పింది.

మిర్చి పండించే ఊళ్ళలో వంద అంటే క్వింటాల్ కూడా. వంద కిలోలు. ఇక్కడి బస్తాలు కొన్ని ఖమ్మం మార్కెట్‌కు వెళతాయి, కొన్ని వరంగల్ ఎనుమాములకు. ఏ ఊరి మార్కెట్ అని చెప్పను గానీ, కాంటా మీద ఎక్కిన వంద రైతు చేతి చిట్టీలోకి వచ్చేసరికి వందగా ఉండటం అరుదు. తేమ అని కొంత, సంచి బరువని కొంత, తాలు అని కొంత పోతుంది. దానికి పేరు తరుగు. పిల్లలకు శాతాల లెక్కలు చెప్పాల్సి వస్తే లాభనష్టాల పుస్తకం తెరవను, ఇంట్లో ఉన్న ఆ చిట్టీని, తక్‌పట్టీని, తీసుకురమ్మంటాను. ఇంగ్లీషువాళ్ళ పద్ధతి దీనికి తలకిందులు. వాళ్ళకు హండ్రెడ్‌వెయిట్ అనే తూకం ఉండేది. పేరు వంద బరువు, తూగేది 112 పౌండ్లు. పద్నాలుగు పౌండ్ల స్టోన్లు ఎనిమిది కలిస్తే ఒక హండ్రెడ్‌వెయిట్. అమెరికా వాళ్ళు మాత్రం దాన్ని సరిగ్గా వంద పౌండ్లకు దించుకున్నారు.

నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి? దీనికి వంద అని చెప్పనివాడు ఉండడు. 1742లో స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్‌ను అడిగితే సున్నా అనేవాడు! ఆయన తయారుచేసిన కొలతలో నీళ్ళు మరిగేది సున్నా దగ్గర, మంచు కరిగేది వంద దగ్గర. 1744లో ఆయన పోయిన తర్వాత, ఎక్కువ కాలం గడవకముందే, దాన్ని తిరగేసి పెట్టారు. సెంటీగ్రేడ్ అనే పేరు తీసేసి సెల్సియస్ అని అధికారికంగా పిలవడం 1948 నుంచి. తిరగేసిన తర్వాతైనా వంద స్థిరంగా ఉందా అంటే అదీ లేదు. వంద డిగ్రీలన్నది సముద్రమట్టం దగ్గర లెక్క. సుమారు మూడు వందల మీటర్లు పైకెక్కితే ఒక డిగ్రీ తగ్గుతుంది. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో చాయ్ నీళ్ళు తొంభై ఎనిమిది దాటిన కాసేపటికే తెర్లుతాయి. పేపర్లో ‘సముద్రమట్టం వద్ద’ అన్న రెండు మాటలు రాయకపోతే ఆ ప్రశ్నకు నేనే అభ్యంతరం పెడతాను.

సంవత్సరాల వంద మరీ చిక్కు. ఉస్మానియా యూనివర్సిటీ స్థాపన ఎప్పుడంటే పుస్తకాలన్నీ 1918 అంటాయి. శతాబ్ది ఉత్సవాలు మొదలైంది మాత్రం 2017 ఏప్రిల్ 26న, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా. ఏడో నిజాం ఫర్మానా ఇచ్చింది 1917 ఏప్రిల్ 26న, తరగతులు మొదలైంది ఆ తర్వాతెప్పుడో. పుట్టినరోజు కాగితం మీద ఆజ్ఞ పడిన రోజా, పిల్లలు బెంచీల మీద కూర్చున్న రోజా? నన్నడిగితే రెండోదే. పండగ చేసుకునే తొందర మాత్రం మొదటిదానికే ఓటేసింది.

క్రికెట్ వందల గురించి పిల్లలకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్ళే చెబుతారు. సచిన్ వందో అంతర్జాతీయ సెంచరీ 2012 మార్చి 16న మీర్పూర్‌లో, బంగ్లాదేశ్ మీద. ఆ మ్యాచ్ మనం ఓడిపోయామని మాత్రం వాళ్ళలో చాలామందికి గుర్తుండదు. 1948లో ఓవల్ మైదానంలో బ్రాడ్‌మన్‌కు ఇంకో నాలుగు పరుగులు వచ్చి ఉంటే టెస్టుల్లో సగటు వంద అయ్యేది. సున్నాకే అవుటై 99.94 దగ్గర ఆగిపోయాడు. నన్ను ఇంకా పట్టుకునేది మన హైదరాబాద్ అజారుద్దీన్ లెక్క. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. 2000 మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికా మీద ఆడిన టెస్టులోనూ సెంచరీ, 102. అది తొంభై తొమ్మిదో టెస్టు, అదే చివరిది కూడా. ఆ ఏడాది చివర్లో నిషేధం పడింది. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పేనాటికి బ్యాటు పట్టే వయసు దాటిపోయింది. ‘అజారుద్దీన్ ఆడిన టెస్టులు’ అని ఇచ్చి 99, 100 పక్కపక్కన పెడితే, క్రికెట్ పిచ్చి ఉన్నవాడు కూడా ఒక్క క్షణం ఆగుతాడు.

శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం 2025 జనవరి 29 తెల్లవారుజామున జరిగింది. జీఎస్ఎల్‌వీ-ఎఫ్15 రాకెట్, ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం. కరెంట్ అఫైర్స్ పుస్తకాలన్నీ ఇంతవరకు రాసి ఆపేశాయి. రాకెట్ తన పని తాను చేసింది. తర్వాత ఉపగ్రహంలో వాల్వు తెరుచుకోక, చేరాల్సిన కక్ష్యకు అది చేరలేదు. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచే లేచిన మొదటి ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది, దాని ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. వంద అంకె లోపల సముద్రంలో పడ్డవీ ఉన్నాయి, ఆకాశం చేరినవీ ఉన్నాయి.

అందుకే ఈ వారం పేపర్లో ‘వందో ప్రయోగం ఎప్పుడు’ అని అడగడం లేదు. రాకెట్ విజయవంతమైంది, ఉపగ్రహం నిర్ణీత కక్ష్యకు చేరింది అని రెండు వాక్యాలిచ్చి, వాటిలో ఏది సరైనదో గుర్తించమన్నాను. దాని కింద 2.20 ఎకరాల ప్రశ్న, తెలంగాణ పాస్‌బుక్ ప్రకారం అని స్పష్టంగా రాసి మరీ పెట్టాను. రెండింటికీ మైనస్ మార్కులున్నాయా అని కానిస్టేబుల్ కుర్రాడు అప్పుడే అడిగాడు. ఉన్నాయన్నాను, పావు మార్కు.