సేవాభావానికి మార్కులెన్ని?

హక్కుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో ఇంటర్వ్యూ ఎక్కడ జరిగినా మొదటి ప్రశ్న ఒకటే. "ఈ రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?" జవాబూ ఒకటే. పేదలకు ఏదైనా చేయాలని చిన్నప్పటి నుంచీ ఉంది సార్. బల్లకు ఇవతల కూర్చుని వినగా వినగా నాకు అభ్యర్థుల మీద కాదు, ఆ ప్రశ్న మీదే విసుగు పుట్టింది. అలా అడిగితే పాపం ఇంకేం చెబుతారు?

ఈ ఉద్యోగంలో ఊరేగింపులు, ధర్నాలు తక్కువ. కాగితం పని ఎక్కువ. జీవో చదవాలి, అర్జీ రాయాలి, దానికి తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. క్లర్కు భోజనానికెళ్లి వచ్చేదాకా బెంచీ మీద కూర్చోవాలి. వచ్చాక గొంతు పెంచకుండా మళ్లీ అడగాలి. సేవాభావం ఎంత ఉన్నా ఇవి నేర్చుకోకపోతే రావు.

అందుకే ప్యానెల్లో నా వంతు వచ్చినప్పుడు ఒక తెల్లకాగితం ఇస్తాను. ఒక ముసలామె వితంతు పింఛను కోసం ఎంపీడీవో ఆఫీసులో అర్జీ పెట్టుకుంది, నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆమె తరఫున సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి అంటాను.

పెద్ద చదువులు చదివిన వాళ్లు చాలామంది రాజ్యాంగంతో మొదలుపెడతారు. ముసలామె కష్టాలు ఒక పేజీ. చివర్లో "పింఛను ఎందుకు మంజూరు చేయలేదు?" అని ప్రశ్న. 2005 నాటి ఆ చట్టంలో సమాచారమంటే ఆఫీసు రికార్డులో ఉన్నది. ఆ కారణం ఏ కాగితం మీదా లేకపోతే అధికారి రెండు ముక్కల్లో తప్పించుకుంటాడు. పైగా సమాచారం దేనికో చెప్పనక్కర్లేదని అదే చట్టం అంటోంది. కాబట్టి కష్టాల పేజీ అంతా వృథా.

పని తెలిసినవాళ్ల దరఖాస్తు పొడిపొడిగా ఉంటుంది. ఫలానా తేదీన ఇచ్చిన అర్జీ మీద ఏ రోజు ఎవరు ఏం రాశారో ఆ ఫైలు నకలు ఇవ్వండి. దాని తర్వాత అందిన అర్జీల్లో ఎన్నింటిని ఏయే తేదీల్లో పరిష్కరించారో చెప్పండి. ఇక ఎందుకని అడగక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండోది.

ఒకసారి తెలుగు మీడియంలో డిగ్రీ చదివిన అమ్మాయి ఇలాగే నాలుగు వాక్యాలు రాసిచ్చింది. వాళ్ల మండలంలో జనానికి అర్జీలు రాసిపెట్టిన చెయ్యి అది. ప్యానెల్లో ఒకాయనకు మాత్రం బెంగ: ఇంగ్లీషు రిపోర్టులు ఎలా రాస్తుందండీ? నిధులిచ్చేవాళ్లు ఇంగ్లీషే చదువుతారు, నిజమే. ఎంపీడీవో ఆఫీసుకు వెళ్లే అర్జీ తెలుగులో ఉంటుందన్నది ఆయనకు తట్టలేదు.

అంతలో ఆ అమ్మాయే అడిగింది. "జీతం ఎంత సార్? ప్రాజెక్టు ఎన్నాళ్లుంటుంది? అది అయిపోయాక మా సంగతేంటి?"

గదిలో అందరి మొహాలూ మారిపోయాయి. ఆమె బయటికెళ్లాక, "డబ్బు మనిషిలా ఉందే" అన్నారొకరు. నాకు ఒళ్లు మండింది. తన జీతం అడగడానికి నోరు రానివాళ్లు రేపు కూలీల బకాయి గురించి ఎవరిని నిలదీస్తారు?

నిజానికి ఆ లెక్కలు మేమే ముందు చెప్పాల్సింది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక, ఆ డబ్బులో పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. ఆ నిధుల మీదే నడిచే సంస్థలకు ఊపిరి సలపడం లేదు. చాలా ఉద్యోగాలు ప్రాజెక్టుకు ముడిపడి ఉంటాయి; మార్చితో నిధులు ఆగితే మనిషీ మార్చితోనే ఇంటికి. ఇది దాచిపెట్టి, "సేవాభావం ఉందా?" అని అడగడం ఏం న్యాయం?

ఆ ఉద్యోగం ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక కుర్రాడికి వెళ్లింది.

ఇప్పుడు ఎవరైనా ప్యానెల్‌కు పిలిస్తే ఒక షరతు పెడుతున్నాను. అభ్యర్థులకు పంపే ఉత్తరంలోనే జీతం, ప్రాజెక్టు ముగిసే నెల రాయాలి. కొందరు సరేనన్నారు. ఇంకొందరు నవ్వి, "ముందే చెబితే మంచివాళ్లు రారండీ" అంటున్నారు.