కదలడం లేదు, అంతే

బీసెంట్ రోడ్డు రద్దీ దాటుకుని గవర్నర్‌పేటలో డ్యూటీకి వెళ్లే రోజుల్లో నాకో అలవాటుండేది. పిల్లల ఐసీయూలో అడుగు పెట్టగానే మానిటర్ కంటే ముందు పిల్లాడి మొహం చూసేదాన్ని. కనుబొమలు ముడిపడ్డాయా, కాళ్లు ముడుచుకుంటున్నాడా, మెలికలు తిరుగుతున్నాడా, ఏడుస్తున్నాడా, నిమిరితే ఊరుకుంటున్నాడా. ఒక్కోదానికి రెండు మార్కుల చొప్పున మొత్తం పది. మాటలు రాని పిల్లల నొప్పి కోసం 1997లో అమెరికాలో వచ్చిన ఈ కొలతను ఫ్లాక్ అంటారు. ఎక్కువ మార్కులొస్తే ఏ తల్లీ సంతోషించని పరీక్ష!

కట్లపాము కరిచిన పిల్లల దగ్గర ఈ లెక్క పనికిరాదు. దివిసీమలో వానాకాలం, నేల మీద చాప. కాటు పెద్దగా తెలియదు. తెల్లారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి అందదు. ఇక ట్యూబు, వెంటిలేటర్. ఆ విషం కండరాలకు వెళ్లే నరాల కొసల్ని పట్టేస్తుంది గానీ మెదడు జోలికి పోదు. పిల్లాడికి అన్నీ వినిపిస్తుంటాయి, నొప్పి తెలుస్తుంటుంది. రెప్ప మాత్రం ఎత్తలేడు.

కొత్తగా చేరిన రోజుల్లో అలాంటి పిల్లాడికి కఫం లాగుతూ, "వీడికేం తెలుస్తుందిలే" అన్నాను పక్క సిస్టర్‌తో. కంటి కొసన నీళ్లు. గుండె పరుగు. ట్యూబు తీసిన రోజు వాడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

పెద్ద పెద్ద డాక్టర్లే ఈ పొరపాటు చేశారు. 1985లో వాషింగ్టన్‌లో జెఫ్రీ లాసన్ అనే నెలలు నిండని బిడ్డకు, కదలకుండా చేసే మందొక్కటే ఇచ్చి గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. నొప్పికి ఏమీ ఇవ్వలేదు. బిడ్డ పోయాక తల్లి జిల్ లాసన్ ఆ సంగతి తెలుసుకుని లోకానికి చెప్పింది. 1987లో, మన దేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, అలాంటి ఆపరేషన్లలోనే ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇస్తే పసికందుల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తగ్గుతాయని, తర్వాతి ఇబ్బందులూ తగ్గుతాయని చూపించాడు.

నిద్ర మందు వేరు, నొప్పి మందు వేరు. మిడజోలం కళ్లు మూయిస్తుంది, నొప్పి తీయదు. ఫెంటానిల్ నొప్పి తీస్తుంది, మోతాదు మించితే ఊపిరినే అణిచేస్తుంది. "మత్తు అలవాటైపోతుందేమో సిస్టర్?" అని తల్లులు అడుగుతారు. భయం ఉత్తదేం కాదు. ఐదారు రోజులు దాటి ఎక్కించిన మందును ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే మెట్టు మెట్టుగా దించుతాం. ఆ భయంతో అసలు ఇవ్వకపోవడం మాత్రం తప్పే.

మీ బిడ్డ ఎప్పుడైనా అలా కదలకుండా పడుకుని ఉంటే, మంచం పక్కన బిల్లు సంగతి, బతుకుతాడా లేదా అన్న మాటలు వద్దు. చెయ్యి పట్టుకుని ఇంట్లో పిలిచే పేరుతో పిలవండి. నొప్పికి ఏం ఇస్తున్నారని సిస్టర్‌ని అడగండి. మేం విసుక్కున్నా సరే, మళ్లీ అడగండి.