కలికుండ: గింజ కడిగిన నీటి విలువ

గింజను కడుగుట వంటకు ముందు జరుగు అల్పకార్యముగా మనకు తోచును గాని, ధాన్యమును నానబెట్టి, పులియబెట్టి పానీయములు చేసికొను వారందఱకును ఎంత కడుగవలెను, ఎచట నిలుపవలెను, కడిగిన నీటి నేమి చేయవలెను అనునవే ఆ విద్యకు మూలప్రశ్నలు. ఇంట బీరు కాచుకొను పాశ్చాత్యులు మొలకెత్తించి యెండబెట్టిన యవలను పగులగొట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీట గంటసేపు నానింతురు. మొలకలోని ఎంజైములు పిండిని చక్కెరగా మార్చును. ఆ తీపిరసమును వడకట్టిన పిదపను పిప్పిలో చక్కెర మిగిలియే యుండును గనుక, కొందఱు 75 డిగ్రీల నీటితో దానిని కడిగి రాబట్టుకొందురు. మఱికొందఱు గింజలు మఱికొన్ని చేర్చి, కడుగుట మానివేయుదురు. కడిగినకొలది రసము పలుచనై, ఆమ్లత తగ్గి, పొట్టులోని వగరు దిగివచ్చును. కాబట్టి కడుగుట ఒప్పే యైనను, ఆపవలసిన క్షణము నెఱుగుటయే అందలి నైపుణ్యము.

ఈ వివేకము మన ఇండ్లలో కలికుండ రూపమున నుండెను. బియ్యము కడిగిన తొలినీటిలో దుమ్మును ఊకనలుసును ఉండును గావున దానిని కుడితిలో కలిపి పశువులకు పెట్టుదురు. రెండవ కడుగు తెల్లనిది, సారవంతమైనది. దానిని, వార్చిన గంజితో గూడ, పొయ్యిచెంత నుంచిన మట్టికుండలో పోయుదురు. రెండుమూడు దినములకు గింజను, కుండను అంటియున్న సూక్ష్మజీవులు ఆ పిండినీటిని పుల్లబఱచి కలిగా మార్చును. పైన తేఱిన కలితో అన్నము వండుకొని, అడుగున కొంత పాతకలిని తోడుగా నిలిపి, క్రొత్త కడుగు పోయుచుందురు. మూడవ, నాలుగవ కడుగుల పలుచని నీటితో కుండను నింపినచో పులుపు పట్టదు. కుళ్లువాసన వచ్చినను, బూజు పట్టినను మొత్తము పారబోసి, కుండను తోమి యెండబెట్టి మరల మొదలిడవలసినదే. ఇందు మొలకగింజలు లేవు గనుక చక్కెర స్వల్పము, లాక్టికామ్లమే ప్రధానము. అందువలన ఇది మద్యము గాదు, వేసవిలో అన్నమును చెడకుండ కాచు పులినీరు. కోస్తా జిల్లాల తరవాణి దీనికి తోబుట్టువు. అమరకోశము కాంజికమునకు, అనగా పులినీటికి, ఆరనాళక, సౌవీర, ధాన్యామ్లాది పర్యాయములు పెక్కు చెప్పుటను బట్టి ఈ విద్య యెంత ప్రాచీనమో ఊహింపవచ్చును.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన తరువాత నడిగూడెము, కోదాడ, మిర్యాలగూడెము ప్రాంతములలో వరి విస్తరించెను. వరితోపాటు మరలును పెరిగెను. జొన్నసంకటి తిన్న ఇండ్లకు అన్నము నిత్యభోజ్య మగుట సంతోషకరమే. కాని మరలో తెల్లగా మెఱుగుపెట్టిన బియ్యమున తవుడు మిగులదు, తవుడుతో బి1 విటమిను పోవును, మిగిలిన కొంచెమును కడుగుటలో కరగి కాలువ పాలగును. ఆ విటమిను లోపమువలన వచ్చు బెరిబెరి వ్యాధి ఉత్తరసర్కారులలో ప్రబలిన దినములలో కూనూరు పోషణ పరిశోధనాలయపు అధ్యక్షుడు ఏక్రాయిడ్ తన సహచరులతో 1940లో భారతదేశపు బియ్యపు సమస్యపై వెలువరించిన గ్రంథము ఈ విషయమునే చర్చించెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఉప్పుడుబియ్యమున విటమిను గింజలోనికి ఇంకును గనుక కడుగుటచే నష్టము తక్కువ. ఆ లెక్కను బట్టి చూచినచో, రెండవ కడుగును దాచి వంటకు వాడిన మన గృహిణులు పేదఱికముచే గాక, సారమును పోగొట్టుకొనరాదను ఎఱుకచే నట్లు చేసిరని నా దృఢవిశ్వాసము.

నిజామురాజ్యము మధ్య కృష్ణాజిల్లాకు చెందిన ద్వీపమువలె నుండిన మునగాల పరగణాకు పైని చెప్పిన నడిగూడెమే రాజధాని; దాని దివానైన కొమఱ్ఱాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి శాస్త్రములను తెలుగునకు తెచ్చుటకై జీవితమును ధారవోసెను. ఆయన కార్యక్షేత్రమైన ఈ సీమలో, కలిపెట్టు పెద్దమ్మలు ఇంకను ఉన్నచో, వారి కొలతలను, కుండ నిలుపు చోటును, పులిసిన గుర్తులను అడిగి తెలుగున వ్రాసిపెట్టుడు. రేపు బియ్యము కడుగునపుడు రెండవ నీటిని పారబోయకుడు.